తల మీద అధికారం

శ్రీకాళహస్తికీ తిరుపతికీ మధ్య దూరం నలభై కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది గానీ, ఆ కొద్దిపాటి నేల మీద తలవెంట్రుకలకు ఉన్న అర్థాలు మాత్రం ఒకదానితో ఒకటి పొసగవు. తిరుమల కొండెక్కి కల్యాణకట్టలో తలనీలాలిచ్చి వచ్చిన ఇల్లాలి గుండును చూసి ఇరుగుపొరుగువారు మొక్కు తీరిందని సంతోషిస్తారు; అదే వీధిలో పెంతెకొస్తు సంఘానికి వెళ్లే మరో ఇల్లాలు జడ చివర అంగుళం కత్తిరించుకోవాలన్నా అది వాక్యానికి విరుద్ధమవుతుందేమోనని సందేహిస్తుంది; లూథరన్ చర్చిలో ప్రార్థన మొదలు కాగానే పెద్దావిడ చెరగు తల మీదికి లాక్కుంటే, పక్కన కూర్చున్న మనవరాలికి ఆ అవసరం తోచదు. క్రైస్తవుల విషయంలో ఈ తేడాలన్నిటికీ మూలం బైబిల్లోని ఒకే ఒక భాగం: అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో 11వ అధ్యాయం, 2 నుంచి 16 వరకు ఉన్న పదిహేను వచనాలు. పత్రిక అంటే ఇక్కడ లేఖ అనే అర్థం, సుమారు క్రీ.శ. 53-55 మధ్య ఎఫెసు పట్టణం నుంచి పౌలు గ్రీకు భాషలో రాసి పంపిన లేఖ ఇది.

ఆ పదిహేను వచనాల్లో పౌలు వాదం ఒకే దారిన సాగదు. పురుషునికి క్రీస్తు, స్త్రీకి పురుషుడు, క్రీస్తుకు దేవుడు శిరస్సు అని మొదలుపెట్టి, పురుషుడు తల కప్పుకుని ప్రార్థించినా, స్త్రీ తల కప్పుకోకుండా ప్రార్థించినా ప్రవచించినా తమ తమ శిరస్సులను అవమానపరచినట్టే అంటాడు. ప్రవచించడమంటే సభలో నిలబడి దేవుని మాటను పలకడం. ఆ తర్వాత ఆదికాండములోని సృష్టి క్రమాన్ని సాక్ష్యంగా తెచ్చి, దేవదూతల ప్రస్తావన ఒకటి ఏ వివరణా లేకుండా వదిలేసి, అంతలోనే మాట మార్చినట్టుగా, ప్రభువునందు స్త్రీ లేకుండా పురుషుడు గానీ పురుషుడు లేకుండా స్త్రీ గానీ లేరనీ, మొదటి స్త్రీ పురుషుని నుంచి కలిగితే ఆ తర్వాతి పురుషులందరూ స్త్రీ ద్వారానే కలిగారనీ గుర్తుచేస్తాడు. పురుషుడు జుట్టు పెంచుకోవడం అవమానమనీ స్త్రీకి పొడవాటి జుట్టు ఘనత అనీ స్వభావమే నేర్పుతోందని చెప్పి, చివరకు ఎవరైనా కలహించదలిస్తే తమలో గానీ దేవుని సంఘాలలో గానీ అలాంటి ఆచారం లేదని ముగిస్తాడు. ఆజ్ఞతో మొదలైన వాదం ఆచారంతో ముగిసిందన్న సంగతి చదువరి మొదట గమనించవలసిన విషయం.

ఈ లేఖ అందుకున్న కొరింథు పాత గ్రీకు నగరం కాదు. క్రీ.పూ. 146లో రోమన్ సైన్యం పాత నగరాన్ని నేలమట్టం చేయగా, క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ దాన్ని రోమన్ వలసగా మళ్లీ కట్టించాడు. పౌలు నాటికి అక్కడ గ్రీకులు, రోమన్లు, యూదులు, విడుదల పొందిన బానిసలు కలిసి బతుకుతున్నారు, తల విషయంలో వారి ఆచారాలు మాత్రం కలవలేదు. రోమన్ పురుషుడు బలి అర్పించేటప్పుడు తన పైవస్త్రం అంచును తల మీదికి లాక్కునేవాడు. కొరింథు తవ్వకాల్లో దొరికిన అగస్టస్ చక్రవర్తి విగ్రహం తల కప్పుకున్న అలాంటి భంగిమలోనే ఉంది. గ్రీకులకు ఆ అలవాటు లేదు. రోమన్లు పూజలో తల ఎందుకు కప్పుకుంటారో తన పాఠకులకు వివరించవలసిన అవసరం పౌలు తర్వాతి తరానికి చెందిన గ్రీకు రచయిత ప్లూటార్క్‌కు కలిగింది. ఆయనే మరోచోట, గ్రీకు దేశంలో కీడు జరిగినప్పుడు స్త్రీలు జుట్టు కత్తిరించుకుంటారనీ పురుషులు పెంచుకుంటారనీ, మామూలు రోజుల్లో దీనికి తారుమారుగా ఉండడమే అందుకు కారణమనీ రాశాడు. వివాహిత స్త్రీ తల కప్పుకోవడం రోమన్ మర్యాద. గాయస్ సల్పీసియస్ గాలస్ అనే పెద్దమనిషి తన భార్య తల కప్పుకోకుండా బయటికి వెళ్లిందని ఆమెకు విడాకులిచ్చినట్టు రోమన్ రచయిత వలేరియస్ మాక్సిమస్ నమోదు చేశాడు. యూదుల ధర్మశాస్త్ర సంకలనమైన మిష్నాలోనూ ఇలాంటి తప్పు విడాకులకు కారణంగా కనిపిస్తుంది. గుండు చేయించుకున్న స్త్రీ అంటే ఆ కాలపు సమాజానికి శోకమో, శిక్షో, అవమానమో గుర్తుకు వచ్చేది. కొన్ని తరాల కిందటి తెలుగు అగ్రహారాల్లో విధవకు తల గొరిగించిన ఆచారం తెలిసినవారికి ఈ మాటను విడమరచి చెప్పనక్కరలేదు.

కాబట్టి కొరింథులో స్త్రీ తల మీది వస్త్రం ఆమె పరువుకూ వివాహానికీ గుర్తు. దాన్ని సభలో తీసేయడాన్ని చూసేవారు భక్తిగా కాక తెగింపుగా అర్థం చేసుకునేవారు. ఇంతవరకు చాలామంది పండితులు ఏకీభవిస్తారు. పెద్ద భేదాలు ఆ తర్వాతే మొదలవుతాయి.

మొదటి చిక్కు శిరస్సు అన్న మాటతోనే వస్తుంది. తలకు పెద్ద, అధికారి అన్న అర్థం ఉన్నట్టే గ్రీకులో మూలం, పుట్టుకచోటు అన్న అర్థమూ ఉందని 1954లో స్టీఫెన్ బెడేల్ అనే ఆంగ్ల పండితుడు ఒక వ్యాసంలో వాదించాడు. అది నిజమైతే పౌలు మాట్లాడుతున్నది అధికార క్రమం గురించి కాక ఎవరి నుంచి ఎవరు కలిగారన్న క్రమం గురించి అవుతుంది. 1985లో అమెరికన్ పండితుడు వేన్ గ్రూడెమ్ ప్రాచీన గ్రీకు రచనల నుంచి 2,336 ఉదాహరణలు పరిశీలించి అధికారి అన్న అర్థమే నిలుస్తుందని బదులిచ్చాడు. వాదం నేటికీ ముగియలేదు. రెండో చిక్కు పదో వచనంలో ఉంది: స్త్రీకి తల మీద అధికారం ఉండాలని మాత్రమే గ్రీకు మూలం చెబుతుండగా, అనేక అనువాదాలు దానికి సూచన అన్న మాటను చేర్చి, ఆమె వేరొకరి అధికారం కింద ఉన్నదనడానికి ముసుగు గుర్తు అన్న భావం కలిగేలా చేశాయి. 1964లో మోర్నా హుకర్ అనే పండితురాలు ఆ అధికారం స్త్రీదేననీ, సభలో ప్రార్థించడానికీ ప్రవచించడానికీ ఆమెకు కలిగిన హక్కునే పౌలు ప్రస్తావిస్తున్నాడనీ వాదించింది. ముసుగు లొంగుబాటుకు గుర్తా, మాట్లాడే అర్హతకు గుర్తా అన్న ప్రశ్న ఒక్క మాటను చేర్చడం మీదా చేర్చకపోవడం మీదా ఆధారపడి ఉందని చాలామంది శ్రోతలకు తెలియదు.

దేవదూతల సంగతి మూడో చిక్కు. మూడో శతాబ్దం తొలినాళ్లలో కార్తేజ్‌లో ఉన్న క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్, ఆదికాండము 6వ అధ్యాయంలో మనుష్య కన్యలను మోహించిన దేవుని కుమారులను దేవదూతలుగా ఎంచి, ఆ కథతో దీన్ని ముడిపెట్టి, కన్యలు సైతం ముసుగు వేసుకోవాలని ఒక పుస్తకమే రాశాడు. 1947 నుంచి మృతసముద్ర తీరాన దొరికిన గ్రంథపు చుట్టల్లో, సమాజం కూడినప్పుడు దేవదూతలు మధ్యలో ఉంటారు గనుక అక్కడ మర్యాద పాటించాలన్న నమ్మకం కనిపించిన తర్వాత, పౌలు ఉద్దేశం కూడా అదే కావచ్చునన్న అభిప్రాయం బలపడింది. తెర్తుల్లియన్ పుస్తకంలో మరో సంగతి ఉంది: ఆయన కాలంలోనే ఒక్కో ఊరి సంఘం ఒక్కో ఆచారం పాటిస్తోంది. అందరూ ఒకే రకంగా పాటించిన స్వర్ణయుగం ఏదో ఒకప్పుడు ఉండేదనీ, సినిమాలూ బ్యూటీ పార్లర్లూ వచ్చి దాన్ని పాడుచేశాయనీ చెప్పే ప్రసంగాలకు చరిత్రలో ఆధారం లేదు.

పురుషుని పొడవాటి జుట్టు అవమానమని స్వభావమే నేర్పుతుందన్న వాక్యం దగ్గర శ్రీకాళహస్తి చదువరి తప్పక ఆగుతాడు. ఆ ఊరి స్థలపురాణానికి నాయకుడైన బోయ తిన్నడు, భక్త కన్నప్ప, స్వామికి నోటితో నీళ్లు తెచ్చాడు, చేతులు ఖాళీ లేక పూలను తన సిగలో తురుముకుని తెచ్చాడు. ఆలయ పూజారికి ఆ పూలు ఎంగిలిగా, అపవిత్రంగా తోచాయే గానీ మగవాడికి సిగ ఉండడమేమిటని ఆయనకు తోచలేదు, తోచే అవకాశమూ లేదు. ఈ నేల మీద మగవాడికి సిగ, పిలక, జుట్టుముడి మొన్నమొన్నటి దాకా సహజ స్వభావమే, క్రాపు ఇంగ్లీషు వారితో వచ్చిన కొత్త. గ్రీకు దేశంలోనూ స్పార్టా యోధులు పొడవాటి జుట్టుకు ప్రసిద్ధులు. పౌలు స్వభావం అన్న చోట అతని కాలపు స్టోయిక్ తత్త్వవేత్తలు వాడిన మాటే వినిపిస్తుంది. కొద్దికాలం తర్వాత వారిలో ఒకడైన ఎపిక్టేటస్ పురుషుని గడ్డం స్వభావం పెట్టిన గుర్తు అని ఇదే ధోరణిలో బోధించాడు. అంటే ఆ కాలపు చదువుకున్నవారు స్థిరపడిన మర్యాదను స్వభావం అని పిలిచేవారు.

బైబిలే ఈ వాక్యానికి ఎదురు సాక్ష్యం ఇస్తుంది. సంఖ్యాకాండము 6వ అధ్యాయంలో నాజీరు వ్రతం ఉంది: స్త్రీ గానీ పురుషుడు గానీ దేవునికి ప్రత్యేకించుకున్నప్పుడు ద్రాక్షారసం మానాలి, శవాన్ని తాకరాదు, వ్రతం ముగిసేవరకు తల మీద కత్తి పడరాదు, ముగిసిన నాడు ఆ జుట్టును గొరిగించుకుని బలిపీఠం అగ్నిలో వేయాలి. సమ్సోను బలమంతా ఆ జుట్టులోనే ఉంది. సమూయేలు తల్లి హన్నా తన కొడుకు తల మీద కత్తి పడనివ్వనని మొక్కుకుంది. పురుషుని పొడవాటి జుట్టు ఇక్కడ అవమానం కాదు, పవిత్రత. దావీదు కొడుకు అబ్షాలోము ఏటేటా కత్తిరించుకున్న జుట్టు రెండు వందల తులాల బరువు తూగేదని రెండవ సమూయేలు గ్రంథం అతని అందాన్ని మెచ్చుకుంటూ చెబుతుంది. ఆ మనిషే చివరకు చెట్టుకొమ్మలో తల చిక్కుకుని వేలాడుతుండగా హతుడయ్యాడన్నది వేరే సంగతి. మరోవైపు యెహెజ్కేలు గ్రంథం యాజకులు తల గొరిగించుకోనూ కూడదు, జుట్టు పెంచుకోనూ కూడదు అంటుంది. అన్నిటికంటే ముఖ్యమైనది అపొస్తలుల కార్యములు 18:18. కొరింథులో ఏడాదిన్నర ఉండి బయలుదేరిన పౌలు, ఆ ఊరి రేవైన కెంక్రేయలో మొక్కుబడి ఉన్నందున తల వెంట్రుకలు కత్తిరించుకున్నాడు. మొక్కు కోసం కత్తిరించాడంటే అంతకుముందు పెంచాడనే అర్థం. పురుషుని జుట్టు గురించి కొరింథీయులకు రాసిన మనిషి, ఆ కొరింథీయుల మధ్యనే మొక్కు జుట్టుతో తిరిగి ఉంటాడు. తిరుమల దారిలో ఉన్న ఊళ్లవారికి ఈ వాక్యం అర్థం కావడానికి వ్యాఖ్యానం అవసరం లేదు.

పురుషుల జుట్టు గురించి దక్షిణ దేశపు క్రైస్తవులు నడిపిన వివాదం ఇప్పుడు పూర్తిగా మరుగున పడింది. 17వ శతాబ్దంలో మదురైలో ఉన్న జెసూట్ పాదిరి రాబర్ట్ డి నొబిలి, క్రైస్తవం పుచ్చుకున్న బ్రాహ్మణులు జంధ్యాన్నీ పిలకనూ తీసేయనక్కరలేదనీ, అవి మతానికి కాక కులమర్యాదకు సంబంధించినవనీ వాదించగా, తోటి పాదిరులు రోముకు ఫిర్యాదు చేశారు. 1623లో పోప్ పదిహేనవ గ్రెగరీ కొన్ని షరతులతో వాటిని అనుమతించాడు. ఆ పద్ధతినే అనుసరించిన జెసూట్‌ల కర్ణాటక మిషను 18వ శతాబ్దం తొలినాళ్లలో చిత్తూరు సీమలోని పుంగనూరు దాకా వచ్చి తెలుగువారి మధ్య పనిచేసింది. ప్రొటెస్టంట్లు మాత్రం చాలాకాలం పిలకను విగ్రహారాధనకు మిగిలిన తోకగా చూశారు. ద్రావిడ భాషల వ్యాకరణం రాసిన రాబర్ట్ కాల్డ్వెల్ 1867లో పిలక మీద ప్రత్యేకంగా ఒక చిన్న పుస్తకం ప్రచురించి, అది ఈ దేశపు జుట్టు అలవాటే గానీ మతచిహ్నం కాదని తోటి మిషనరీలకు నచ్చజెప్పవలసి వచ్చింది. ఒకరికి అది సాతాను గుర్తు, మరొకరికి అది తల దువ్వుకునే తీరు. తర్వాతి తరాల్లో హిందువులూ క్రైస్తవులూ అందరూ క్రాపు చేయించుకోవడంతో ప్రశ్నే మాయమైంది. ఏ సిద్ధాంతమూ గెలవలేదు, మంగలి కత్తెర గెలిచింది.

స్త్రీల విషయంలో అలా జరగలేదు, అందుకు కారణాల్లో ఒకటి చిత్తూరులోనే ఉంది. బ్రదరన్ అని పిలిచే సహోదర సమాజాలకు ఆద్యుల్లో ఒకడైన ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ 1833లో భారతదేశానికి వచ్చి, 1836లో విలియం బౌడన్, జార్జి బీర్ దంపతులను వెంటబెట్టుకు వచ్చి గోదావరి డెల్టాకు పంపి, ఆ దశాబ్దం చివర తాను చిత్తూరులో స్థిరపడి వ్యవసాయం చేస్తూ సువార్త బోధించాడు. అభిషిక్తుడైన పాదిరి లేకుండానే విశ్వాసులు కూడి ప్రభు భోజనపు రొట్టె విరవవచ్చునన్నది వారి ప్రధాన బోధ; మొదటి శతాబ్దపు సంఘంలా ఉండాలన్న ఆ పట్టుదలలోనే స్త్రీలు కూటంలో తల కప్పుకోవడం, మౌనంగా ఉండడం అన్న నియమాలూ బలపడ్డాయి. నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాల నుంచి ఆ సంప్రదాయం తెలుగు జిల్లాల్లో పాకింది. లూథరన్ల దారి వేరు. 1865లో ఆగస్ట్ మీలియస్ నాయకత్వంలో సూళ్లూరుపేటలో మొదలై కాళహస్తి, తిరుపతి, నాయుడుపేట ప్రాంతాలకు విస్తరించిన జర్మన్ హెర్మన్స్‌బర్గ్ మిషను నుంచి నేటి దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం రూపొందింది. దాని కేంద్రం తిరుపతి. అక్కడ తల కప్పుకోవడం మర్యాదగా నిలిచింది గానీ రక్షణతో ముడిపడలేదు.

తెలుగు నేల మీద ముసుగుకు గట్టి పునాది వేసినవారిలో భక్త్ సింగ్ ముఖ్యుడు. 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టిన ఆయన, కేశాలు కత్తిరించకపోవడమే ధర్మమైన ఇంటి నుంచి 1926లో ఇంజనీరింగు చదువుకు ఇంగ్లండు వెళ్లి అక్కడ జుట్టూ గడ్డమూ తీయించుకున్నాడు. 1929లో కెనడాలోని విన్నిపెగ్‌లో బైబిల్ చదువుతూ క్రీస్తును నమ్మాడు. 1941లో మద్రాసులోనూ 1950లో హైదరాబాదు హెబ్రోనులోనూ సమాజాలు స్థాపించి 2000లో కన్నుమూశాడు. ఆయన సమాజాల్లో అందరూ చాపల మీద కూర్చుంటారు, స్త్రీలు ఒకవైపు పురుషులు ఒకవైపు, స్త్రీలందరి తలల మీదా చెరగు ఉంటుంది. కుర్చీలూ బల్లలూ ఉన్న మిషను చర్చితో పోలిస్తే ఇది భారతీయంగా కనిపించేది, ఆ ఆకర్షణ చిన్నది కాదు. కొరింథు లేఖలోని నియమమూ ఉత్తర భారతపు ఘూంఘట్ మర్యాదా తెలుగు చీర చెరగులో కలిసిపోయాయి. వాటిలో ఏది ఎక్కడ ముగిసిందో చెప్పడం ఇప్పుడు కష్టం.

పెంతెకొస్తు సంఘాలు, అంటే పరిశుద్ధాత్మ వరాలను నమ్మి భాషలతో ప్రార్థించే సంఘాలు, ఆభరణాలు, పూలు, బొట్టు మానడంతో పాటు జుట్టు కత్తిరింపును కూడా ప్రశ్నించాయి. ఇక్కడ పదిహేనో వచనం కీలకం: స్త్రీకి తలవెంట్రుకలు పైటచెంగుకు బదులుగా ఇయ్యబడ్డాయన్న ఆ వాక్యం నుంచి, జుట్టే ముసుగు గనుక వేరే వస్త్రం అక్కరలేదని కొందరు, జుట్టే ముసుగు గనుక దాన్ని ఎప్పుడూ కత్తిరించకూడదని కొందరు, జుట్టూ వస్త్రమూ రెండూ ఉండాలని కొందరు తేల్చారు. అమెరికాలో 1945లో ఏర్పడిన యునైటెడ్ పెంటెకోస్టల్ చర్చి రెండో అభిప్రాయాన్ని గట్టిగా పట్టుకుంది. పౌలు మాత్రం ఎంత పొడవో చెప్పలేదు. భుజం దాకానా నడుము దాకానా అన్న కొలత అతని లేఖలో లేదు, కొలిచినవారు తర్వాతివారే.

మరోవైపు తిమోతికి రాసిన మొదటి పత్రిక 2:9, పేతురు మొదటి పత్రిక 3:3 జడలల్లుకోవడాన్నీ బంగారాన్నీ కలిపి కాదంటున్నాయి. రోమన్ ధనిక స్త్రీలు బంగారు తీగెలతో అల్లుకున్న ఆడంబరపు తలకట్టు వాటి లక్ష్యమని చాలామంది వ్యాఖ్యాతలు అంగీకరిస్తారు. తెలుగు సంఘాల్లో బంగారాన్ని నిషేధించిన పాస్టర్లున్నారు, జడను నిషేధించినవారు దాదాపు లేరు. నూనె రాసి బిగించి అల్లిన జడ ఇక్కడ పద్ధతైన పిల్లకు గుర్తు, విరబోసుకున్న జుట్టే అనుమానానికి తావిస్తుంది. కాబట్టి అక్షరాన్ని పక్కన పెట్టి, ఆ గుర్తుకు ఈ ఊళ్లో అర్థమేమిటని అడిగి, సరైన జవాబే చెప్పుకున్నారు. జడ విషయంలో ఎవరికీ తెలియకుండా వాడిన ఈ సూత్రాన్ని పొడవు విషయంలోనూ ముసుగు విషయంలోనూ వాడడానికి సంకోచించడంలో వాక్యం మీది గౌరవం కంటే అలవాటు మీది మమకారమే ఎక్కువగా కనబడుతుంది.

ఒకే జుట్టును ఇద్దరు రెండు రకాలుగా చదవగలరనడానికి తిరుమల కంటే గొప్ప ఉదాహరణ ప్రపంచంలో మరోచోట దొరకదు. కల్యాణకట్టలో భక్తుడు టోకెన్ తీసుకుని వరుసలో కూర్చుంటాడు, తల తడుపుకుంటాడు, మంగలి కొత్త బ్లేడుతో నుదుటి నుంచి వెనక్కి గొరుగుతాడు. గుండు చేయించుకోని స్త్రీలు మూడు కత్తెరలు ఇచ్చి మొక్కు తీర్చుకుంటారు. స్నానం చేసి దర్శనానికి వెళ్లడం ఆ తర్వాతే. పోగైన జుట్టును దేవస్థానం పొడవును బట్టి వేరుచేసి వేలం వేస్తే కోట్లాది రూపాయల ఆదాయం వస్తుంది, అందులో పొడవాటి జుట్టు విగ్గులుగా మారి విదేశాలకు పోతుంది. అక్కడ వాటిని కొనేవారిలో సనాతన యూదు మహిళలున్నారు. సంఖ్యాకాండము 5:18లో యాజకుడు స్త్రీ తల మీది ముసుగు తీయించిన ఘట్టాన్ని ఆధారం చేసుకుని, వివాహిత తన జుట్టును పరపురుషులకు కనబడనీయరాదన్నది వారి ధర్మం. కొందరు గుడ్డ కట్టుకుంటారు, కొందరు విగ్గు పెట్టుకుంటారు. 2004 మే నెలలో జెరూసలేంలోని ప్రముఖ రబ్బీ యోసెఫ్ షాలోమ్ ఎల్యాషివ్, లండన్ నుంచి ఒక రబ్బీని తిరుమలకు పంపి విచారించిన మీదట, ఆ జుట్టు విగ్రహానికి అర్పించినది గనుక దానితో చేసిన విగ్గులు వాడరాదని తీర్పిచ్చాడు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ వీధుల్లో ఖరీదైన విగ్గులను కుప్పపోసి తగలబెట్టారు. జుట్టే నైవేద్యమా, లేక దేవుని ముందు అహంకారం వదులుకోవడానికి తీసేసే మలినమా అన్నది రబ్బీల మధ్య సాగిన చర్చ. అది హిందువులకే సూటిగా జవాబు చెప్పడం కష్టమైన ప్రశ్న. బైబిల్ ఆజ్ఞ ప్రకారం తల కప్పుకోవడానికి వాడిన జుట్టు, బైబిల్ ఆజ్ఞ ప్రకారమే మంటల్లో పడింది.

క్రైస్తవుల్లో మొక్కు గుండు లేదనుకోవడమూ పొరపాటే. విజయవాడ గుణదల మాత ఉత్సవాలకు ఏటా ఫిబ్రవరిలో, తమిళనాడులోని వేళాంకణికి ఏడాది పొడవునా వెళ్లే వేలాదిమంది కథోలిక భక్తులు తలనీలాలు సమర్పిస్తారు, వారిలో స్త్రీలూ ఉంటారు. గుండు స్త్రీకి అవమానమన్న కొరింథు వాక్యం వారికి అడ్డు రాదు, ఎందుకంటే ఈ నేల మీద మొక్కు గుండు అవమానం కాదు. కథోలిక సంఘం 1917 నాటి ధర్మశాస్త్రంలో చర్చిలో స్త్రీలు తల కప్పుకోవాలని నియమం పెట్టి, 1983 నాటి కొత్త ధర్మశాస్త్రంలో దాన్ని ఊసెత్తకుండా వదిలేసింది. అంతకుముందే 1976లో రోము వెలువరించిన ఒక ప్రకటన, స్త్రీలకు యాజకత్వం నిరాకరిస్తూనే, తల కప్పుకోవడం ఆ కాలపు ఆచారమనీ ఇప్పుడది కట్టడి కాదనీ తేల్చింది.

అసలు ప్రశ్న జుట్టు కాదు, స్త్రీ స్థానం. కొరింథు లేఖ 14వ అధ్యాయంలో స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలని, తిమోతి పత్రికలో స్త్రీ ఉపదేశించరాదని ఉన్న వాక్యాలను 11వ అధ్యాయంతో కలిపి చదివినప్పుడు చాలామంది బోధకులు మౌనాన్ని మొదట పెట్టి, ముసుగును దానికి ముద్రగా చూపిస్తారు. కానీ 11:5లో స్త్రీ ప్రార్థిస్తోంది, ప్రవచిస్తోంది. ఆ పని చేయవద్దని పౌలు అనలేదు, చేసేటప్పుడు ఎలా ఉండాలో మాత్రమే చెప్పాడు. మౌనంగా కూర్చునే మనిషికి మాట్లాడేటప్పటి మర్యాద బోధించవలసిన పని ఎవరికీ ఉండదు. ఫిలిప్పు కుమార్తెలు నలుగురు ప్రవక్త్రులని అపొస్తలుల కార్యములు చెబుతుంది. పౌలు జుట్టు కత్తిరించుకున్న కెంక్రేయ సంఘంలోనే ఫీబే అనే స్త్రీ పరిచారకురాలుగా ఉందనీ, తనతో సహా అనేకులకు సహాయం చేసిందనీ రోమీయులకు రాసిన లేఖలో పౌలే గౌరవంగా పరిచయం చేస్తాడు. 14వ అధ్యాయపు మౌనం ఆ సభలో గందరగోళం చేస్తున్న కొందరిని ఉద్దేశించినదా, లేక తర్వాత ఎవరో చేర్చినదా అన్న చర్చ పండితుల్లో ఉంది. ఏ జవాబు తీసుకున్నా 11:5ను తుడిచేయడం మాత్రం సాధ్యం కాదు.

రాయలసీమలో ఈ ప్రశ్నకు ఒక జవాబు దొరికింది. 2013 సెప్టెంబరులో దక్షిణ ఇండియా సంఘం, అంటే ఆంగ్లికన్, మెథడిస్టు తదితర సంఘాలు కలిసి 1947లో ఏర్పడిన సి.ఎస్.ఐ., నంద్యాల డయోసీసుకు ఎగ్గోని పుష్పలలితను బిషప్‌గా అభిషేకించింది. ఆ సంఘ చరిత్రలో తొలి మహిళా బిషప్ ఆమే. చిత్తూరు, కడప, కర్నూలు ప్రాంతాల్లో స్త్రీ ప్రసంగపీఠమెక్కడమే తప్పని బోధించే స్వతంత్ర సంఘాలు ఎన్నో ఉన్నాయి. వారు చదివేదీ ఆమె చదివేదీ ఒకే తెలుగు బైబిల్.

ముసుగు వేసుకునే స్త్రీ భక్తిని తక్కువ చేయడానికి ఎవరికీ హక్కు లేదు. అది ఆమె దేవునికి చూపే మర్యాద, తరతరాల తల్లుల నుంచి వచ్చిన అలవాటు. కానీ ముసుగును ఆజ్ఞగా విధించే సంఘం, ఆ ముసుగు కింద నిలబడి మాట్లాడే హక్కును కూడా అదే వాక్యం స్త్రీకి ఇచ్చిందని ఒప్పుకోవాలి. గుర్తును ఉంచి హక్కును తీసేయడం వ్యాఖ్యానం కాదు, కత్తిరింపు. ఈ అధ్యాయం మీద ఇకముందు ప్రసంగం వినేవారు ఇంటికి వెళ్లి 5, 11, 12, 16 వచనాలు తీసి చదవాలి, ఆ ప్రసంగంలో అవి వినిపించాయో లేదో చూసుకోవాలి, వినిపించకపోతే వచ్చే ఆదివారం పాస్టరుగారిని అడగాలి.